పప్పు డబ్బా ఖాళీ కానివ్వకుండా నెల గడపడం

మాది తిరుపతిలో కొర్లగుంట. ఇంట్లో ఐదుగురం: మా అత్త, మా ఆయన, నేను, తొమ్మిదో తరగతి పాప, నాలుగో తరగతి బాబు. మా ఆయన ఆటో తోలుతాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆటో డబ్బులు జీతంలా ఒకటో తేదీన వచ్చిపడవు. బ్రహ్మోత్సవాలకి, వైకుంఠ ఏకాదశికి, ఎండాకాలం సెలవులకి బస్టాండు దగ్గర కాలు పెట్టే సందుండదు, బాడుగలు బాగా దొరుకుతాయి. పిల్లల పరీక్షల రోజుల్లో, వాన పట్టినప్పుడు సగం కూడా రావు. అన్నీ చూసుకొని తిండికి రోజుకి 300 అని గీత గీసుకున్నాం. నెలకి 9,000. గ్యాసు, సబ్బులు, కరెంటు ఇందులో లేవు.

ఈ డబ్బుతో ఐదుగురికి మూడు పూటలా ఒంటికి పట్టేలా పెట్టొచ్చు. ఇప్పుడు పెడుతున్నాను. మొదట్లో మాత్రం పెద్ద తప్పు చేశాను. దాన్నే ముందు చెప్తాను, నాకు తెలిసిన చాలా ఇళ్ళలో అదే జరుగుతోంది కాబట్టి.

చేతిలో డబ్బు తగ్గగానే నేను మొదట కోసింది పప్పు. కందిపప్పు ధర పెరిగిందని పప్పులో నీళ్ళు పెంచాను. తర్వాత గుడ్లు మానేశాను. తర్వాత పెరుగు మజ్జిగ అయింది, మజ్జిగ నీళ్ళయింది. అన్నం మాత్రం ఎవరికీ తక్కువ కాలేదు, అందుకని ఇల్లు బాగానే నడుస్తోందనుకున్నాను. ఒకరోజు బడిలో పిల్లలకి రక్తపరీక్ష చేశారు. మా పాపకి హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకి 12 ఉండాలంట. పరీక్ష చేసిన నర్సమ్మ, "అమ్మా, ఇంట్లో పప్పు ఎన్ని రోజులకోసారి చేస్తారు?" అని అడిగింది. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి పాప నోటు పుస్తకంలో వెనక పేజీ చించి, ఆ వారం కొన్నవన్నీ గుర్తు తెచ్చుకొని రాశాను. సాయంత్రం బజ్జీలు, టీకి బిస్కెట్లు, బాబు ఏడిస్తే పది రూపాయల చిప్స్ ప్యాకెట్టు, మా ఆయన బయట తాగే టీలు, ఇంట్లో మూడుసార్లు టీకి చక్కెర. మొత్తం 640 అయింది. పప్పు, గుడ్లు కలిపి 210. డబ్బు లేక పప్పు మానేశాననుకున్నాను. డబ్బు ఉంది, వేరే దారిలో పోయింది.

అందుకే సరుకుల లెక్క మొదలుపెట్టేటప్పుడు ఏవి తగ్గించాలో కాదు, ఏవి తగ్గించకూడదో ముందు రాసుకోండి. మా ఇంట్లో ఆ వరుస ఇది: పప్పు గింజలు, రాగులు, చెనక్కాయలు (వేరుశనగ), ఆకుకూర, గుడ్డు, పెరుగు. ఈ ఆరూ కొన్నాకే మిగతావి. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, ఉలవల్లోనూ దాదాపు అంతే. చెనగ్గింజల్లో 25 దాకా ఉంటాయి. గుడ్డుకి 6 గ్రాములు. మాంసం రోజూ కొనలేని ఇంటికి ఇవే బలం. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల చిల్లర ఉంటుంది, బియ్యంలో లేనట్టే.

మా నెల సరుకు చెప్తాను, మీ ఇంటి మనుషుల్ని బట్టి మార్చుకోండి. కందిపప్పు 3 కిలోలు, మినపగుండ్లు 2, ఉలవలు, అలసందలు, పెసలు, శనగపప్పు ఒక్కో కిలో. చెనగ్గింజలు 3 కిలోలు. రాగులు 6. స్టోరు బియ్యం (రేషను బియ్యం) కాక సోనామసూరి 15 కిలోలు. నూనె రెండున్నర లీటర్లు, అంటే మనిషికి అర లీటరు. వీటికి చింతపండు, ఒట్టిమిరపకాయలు, బెల్లం, టీపొడి లాంటివి కలిపితే 3,700 దాటకుండా వస్తుంది. పాలు రోజుకి లీటరు, నెలకి 1,800. కూరగాయలకి వారానికి 500. గుడ్లకి, నెలలో రెండు ఆదివారాల కోడికూరకి కలిపి 1,000. ఇక్కడికి 8,500. మిగిలిన 500 ముట్టుకోను. అది దేనికో చివర్లో చెప్తాను.

రోజుకూలి ఇళ్ళలో ఉండే అసలు కష్టం వేరే. 3,700 ఒకేసారి చేతిలో ఉండదు. అందుకని ఏ రోజుకి ఆ రోజు వీధి చివర అంగట్లో కొంటాం. వంద గ్రాముల కందిపప్పు 17 రూపాయలంటే చిన్న మొత్తమే అనిపిస్తుంది. కిలోకి లెక్కేస్తే 170. అదే పప్పు బజారు వీధిలో కిలో 130కి తెచ్చాను. కిలోకి 40 తేడా, 3 కిలోలకి 120. ఒక్క పప్పుకే ఇంత. నూనె, మిరపపొడి, చక్కెర, టీపొడి అన్నీ ఇలా చిన్న పొట్లాల్లో కొంటే నాకు నెలకి 600 దాకా ఊరికే పోయేది. ఆ అంగడాయన్ని తప్పు పట్టను, చేతిలో రూపాయి లేనిరోజు అప్పిచ్చింది ఆయనే. కానీ అప్పు పుస్తకంలో ఏం రాస్తున్నారో అక్కడే నిలబడి చూసుకోవాలి, మన దగ్గరా ఒక పుస్తకం పెట్టుకొని అదే రాసుకోవాలి.

దీన్నుంచి బయటపడటానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆటో డబ్బులు ఇంటికి రాగానే రోజూ 50 తీసి బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. మొదటి నెల మానిన చిరుతిండి డబ్బే అది. నెలాఖరుకి 1,500 అయింది. దాంతో పప్పులు, చెనగ్గింజలు మాత్రం నెలకి సరిపడా ఒకేసారి తెచ్చాను. రెండో నెల పప్పు కొనే పని లేదు కాబట్టి ఆ డబ్బు మిగిలింది, దానికి మళ్ళీ రోజుకి 50 కలిపి రాగులు, బియ్యం తెచ్చాను. మూడో నెల నూనె, కారాలు. నాలుగో నెల నుంచి మొత్తం సరుకు ఒక్కసారే. ఒకేసారి అన్నీ కొందామని అప్పు మాత్రం చేయకండి. వడ్డీ కట్టేటప్పటికి మిగిలేదేమీ ఉండదు.

స్టోరు బియ్యం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కార్డులో ఐదుగురం ఉన్నాం, మనిషికి 5 కిలోల లెక్కన 25 కిలోలు వస్తుంది. మా వీధిలో కొందరు దాన్ని అమ్మేసి, పైన డబ్బు వేసుకొని సన్నబియ్యం కొంటారు. నేనూ ఒకప్పుడు అమ్మాను. ఇప్పుడు గింజ కూడా అమ్మను. ఈ బియ్యంలో అక్కడక్కడా కొంచెం తెల్లగా, వేరే రకంగా కనిపించే గింజలుండేవి. మా అత్త చేట ముందు పెట్టుకొని వాటిని ఒక్కొక్కటే ఏరి పారేసేది. "ప్లాస్టిక్ బియ్యం అమ్మీ, పిల్లలకి పెట్టొద్దు" అనేది. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలేవి, దాంతో ఆమె భయం ఇంకా ఎక్కువైంది. నర్సమ్మని అడిగితే అసలు విషయం తెలిసింది. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బీ12 కలిపి గింజలాగా ఒత్తి చేసినవి. మామూలు బియ్యం వంద కిలోలకి కిలో చొప్పున కలిపేవాళ్ళు. మా పాపకి కావలసిన ఐరన్ రోజూ చేటలోంచి చెత్తబుట్టలోకి పోయింది. అది తెలిశాక మా అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు మేం అలాంటి గింజలు తేలినా వంచెయ్యం. రెండుసార్లు మెల్లగా కడుగుతాం, అంతే. గంజి కూడా పారబోయం, ఉప్పు వేసుకొని తాగుతాం.

ఈ బియ్యం అన్నానికి రుచించదనుకుంటే దోసెలకి, సంగటికి వాడండి. దోసెలకి మూడు గ్లాసుల స్టోరు బియ్యం, ఒక గ్లాసు మినపగుండ్లు, చెంచాడు మెంతులు నానబెట్టి, రుబ్బేటప్పుడు రాత్రి మిగిలిన అన్నం గుప్పెడు వేయండి. మొదటి రోజు పలచగా దోసెలు, రెండో రోజు ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) చల్లి మందంగా. మూడో రోజు పిండి కాస్త పులుస్తుంది, అప్పుడు పచ్చిమిరపకాయలు, కరివేపాకు కలిపి పొంగణాలు. ఒకసారి రుబ్బితే మూడు పొద్దుల టిఫినుకి టెన్షన్ ఉండదు.

సంగటి మాకు వారంలో నాలుగు రాత్రులు. మా పుట్టిల్లు పలమనేరు దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచీ నాకిది అలవాటు. తిరుపతిలో పెరిగిన మా పిల్లలకి మాత్రం మెల్లగా అలవాటు చేశాను. ఒక గ్లాసు స్టోరు బియ్యం అరగంట నానబెట్టి, ఆరు గ్లాసుల నీళ్ళలో ఉప్పు వేసి ఉడికించాలి. మెతుకు బాగా మెత్తబడి, ఇంకా నీళ్ళు తేలుతూ ఉండాలి. అప్పుడు రెండు గ్లాసుల రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయాలి, కలపకూడదు. తెడ్డు కొనతో పిండి నడిమికి ఒక బొక్క పెడితే అందులోంచి ఎసరు బుడగలు బుడగలుగా పైకొచ్చి పిండిని తడుపుతుంది. మంట తగ్గించి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. పచ్చివాసన పోయి కమ్మటి వాసన వస్తుంది. దించి, గిన్నెని రెండు పాదాల మధ్య గుడ్డతో బిగించి పట్టుకొని, ఉండల్లేకుండా గట్టిగా కెలకాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, ఆపకండి. చేతులు తడుపుకొని ముద్దలు చేస్తే సరి. తడిచేతికి అంటకపోతే ఉడికినట్టు. మిగిలిన ముద్ద నీళ్ళలో వేసి ఉంచితే పొద్దున్నే మజ్జిగ, పచ్చి ఎర్రగడ్డతో మా ఆయనకి టిఫిను. ఎండాకాలం ఆటోలో కూర్చునే మనిషికి మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు.

సంగటి పక్కన కూర ఖరీదుగా ఉండక్కర్లేదు. చెనగ్గింజలు వేయించి, ఒట్టిమిరపకాయలు, తెల్లగడ్డ (వెల్లుల్లి), చింతపండు, ఉప్పు వేసి నూరిన ఊరిబిండి చాలు. ఉలవలు ఉడికించి గింజలతో తాళింపు చేస్తాను, ఆ ఉడికిన నీళ్ళతో చారు పెడతాను. ఒక్క గ్లాసు ఉలవలకి రెండు వంటలు. కందిపప్పు మండిపోయిన నెలల్లో రెండు వంతుల కందిపప్పుకి ఒక వంతు పెసరపప్పు కలుపుతాను. ఏ పప్పైనా అరగంట నానబెట్టి కుక్కర్లో పెడితే రెండు విజిల్స్ తగ్గుతాయి. పప్పు పలచన చేయాలనిపిస్తే నీళ్ళు పోయకండి, ఆకు వేయండి. గిన్నె నిండుతుంది, పప్పు తగ్గదు.

ఆకుకూర విషయంలో మార్కెట్లో కట్టలే చూడకండి. మునగాకు మా వీధిలో మూడిళ్ళలో ఉంది, అడిగితే ఎవరూ కాదనరు. వానలు పడ్డాక పుట్టింటికి వెళ్తే చిర్రాకు, చెంచలాకు, పొన్నగంటాకు చేను గట్ల మీదే దొరుకుతాయి. నాలుగైదు రకాలు కలిపి, కొంచెం పప్పు, టమోటా వేసి ఎనిపితే పులగూర. మా పాప ఐరన్ మాత్రలు మానకుండా వేసుకుంది, వాటితోపాటు తినే పద్ధతిలో నేను మార్చినవి రెండే. ఆకుకూర తిన్న పూట అన్నంలో నిమ్మకాయ పిండటం, అన్నం తిన్న గంట వరకు టీ ఇవ్వకపోవడం. పులుపు ఉంటే ఆకులోని ఐరన్ ఒంటికి పడుతుంది, టీ దాన్ని అడ్డుకుంటుంది. ఆదివారం కోడి కొన్నప్పుడు పావుకిలో కార్జాలు (లివరు) కూడా అడగండి. కూర కంటే చాలా చవక, రక్తం తక్కువున్న పిల్లలకి మంచిది. నాలుగు నెలల తర్వాత పాపకి మళ్ళీ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 11.4 వచ్చింది. సర్కారు బడిలో మధ్యాహ్నం పెట్టే భోజనం, గుడ్డు, చిక్కీ వదులుకోవద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి. ఇంటి నుంచి క్యారియరు తీసుకెళ్తేనే గౌరవం అనుకునే తల్లులున్నారు. నాకైతే అలా అనిపించదు, అది మన పిల్లల కోసం పెట్టిన తిండి.

కూరగాయలకి నేను వారంలో రెండుసార్లు రైతుబజారుకి వెళ్తాను. 1999లో ఇవి పెట్టినప్పటి నుంచీ ధరలు బోర్డు మీద రాయడం ఉంది, లోపలికి పోగానే ముందు ఆ బోర్డు చూడాలి. ఆ రోజు ఏది చవకో అదే కూర. ఇంట్లో ఇది వండాలి అని అనుకొని వెళ్తే 500 మూడు రోజులకే అయిపోతాయి. పొద్దున్నే మంచి సరుకు దొరుకుతుంది, మూసేవేళకి ధర దిగుతుంది. ఉర్లగడ్డ (బంగాళాదుంప), ఎర్రగడ్డ, గుమ్మడి లాంటివి ఎప్పుడు కొన్నా ఒకటే, వాటికి సాయంత్రం వెళ్ళండి. ఆకుకూర, బెండ, చిక్కుడు పొద్దున. "అక్కా, మొత్తం తీసుకుంటే ఎంతకిస్తావు?" అని మిగిలిన కుప్పని అడిగితే సాధారణంగా కాదనరు, వాళ్ళకీ ఇంటికి పోవాలని ఉంటుంది. కానీ రెండు రూపాయల కోసం ఆకుకూరల అవ్వతో గీచి గీచి బేరమాడకండి. మనలాంటి ఇల్లే ఆమెది కూడా.

టమోటా మన జిల్లాల వాళ్ళకి బాగా తెలిసిన కథ. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన రోజుల్లో ఇక్కడ కిలో పది రూపాయలకి కూడా అడిగేవాళ్ళుండరు. 2023 జూలైలో అదే టమోటా కిలో 200 దాకా పోయింది. ఆ నెలంతా మా ఇంట్లో టమోటా లేదు, కూర ఆగిందీ లేదు. చింతపండు, గోగాకు (గోంగూర), చుక్కాకు, మామిడికాయ ఒరుగులు పులుపుకి వాడాను. ధర పడినప్పుడు పది కిలోలు కొనండి. సగం ఊరగాయ పెట్టండి. సగం చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, మిద్దె మీద గుడ్డ పరిచి నాలుగైదు రోజులు ఎండబెట్టండి. రాత్రి లోపలికి తేవాలి, మంచు పడితే బూజు పడుతుంది. విరిస్తే పుటుక్కున విరగాలి. 5 కిలోల పచ్చివి ఎండితే అర కిలో కూడా రాదు, కానీ చారుకి నాలుగు ముక్కలు చాలు.

నూనె ప్యాకెట్ కొనేటప్పుడు ముందు వైపున్న ధర చూసి మోసపోవద్దు. లీటరు సన్‌ఫ్లవర్ నూనె అంటే 910 గ్రాములు. పక్కన అదే సైజులో కనిపించే ఇంకో ప్యాకెట్ 840 గ్రాములే ఉండొచ్చు. నేను ఒకసారి 910 గ్రాములది 155, 840 గ్రాములది 148 చూసి, ఏడు రూపాయలు మిగిలాయని రెండోది తెచ్చాను. ఇంటికొచ్చి లెక్కేస్తే వంద గ్రాములకి మొదటిది 17 రూపాయలు, రెండోది 17 రూపాయల 60 పైసలు. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకి ఎంత పడుతుందో కూడా అచ్చు వేయాలని నిబంధన ఉంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది, పిల్లల చేత చదివించండి.

ఇక ఆ 500. అది ఏడాది సరుకుకి. పలమనేరు, పుంగనూరు వైపు మార్చిలో కొత్త చింతపండు వస్తుంది. నాలుగు కిలోలు తెచ్చి, గింజ తీసి, ఎండలో ఆరబెట్టి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తుతాను. ఒట్టిమిరపకాయలూ అప్పుడే. సంక్రాంతి దాటాక కొత్త కందిపప్పు ఒక ఆరు కిలోలు. చెనక్కాయ పంట వచ్చాక పుట్టింటి నుంచి మూట తెచ్చుకొని కాయలతోనే దాచుకుంటాను, ఎప్పటికప్పుడు ఒలుచుకోవడమే. ఒలిచేటప్పుడు బూజు పట్టిన గింజ, రంగు మారిన గింజ కనిపిస్తే కడిగి వాడాలని చూడకండి, పారేయండి. అది ఒంటికి చాలా చెడ్డది. పెరటాశి నెలలో (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) మేం నీచు ముట్టం కాబట్టి ఆ కోడి డబ్బు కూడా ఈ మూటకే పోతుంది.

చలికాలంలో అనపకాయలు దిగినప్పుడు మాత్రం లెక్క కొంచెం సడలిస్తాను. గింజలు ఒలిచి రాత్రి నీళ్ళలో వేస్తే తెల్లారేసరికి ఉబ్బి ఉంటాయి. మా అత్త, పాప, బాబు చుట్టూ కూర్చొని, ఒక్కో గింజని రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కితే పచ్చటి పప్పు జారి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్ళకి మిగులుతుంది. గంట సేపు పితికితే ఐదుగురికి పితికిపప్పు కూర. కొబ్బరి, ధనియాలు, ఎర్రగడ్డ నూరి వేసి ఉడికిస్తే దోసెలకీ సంగటికీ రెండింటికీ సరిపోతుంది. తొక్కలు మా వీధి ఆవుకి వేస్తాం.